డెబ్బై ఎనిమిది చుట్లు

మా ఇంట్లో ఒక పాట ఉంది. "ఉంది" అంటున్నానేమిటా అనుకోకండి. అది రేడియోలో వచ్చేదీ కాదు, సినిమాలోదీ కాదు. పాత చీర చెంగులో చుట్టి, అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళినాటి పట్టుచీర కింద భద్రంగా పడుకున్న పాట. పదంగుళాల నల్లటి ప్లేటు. దాని మీద పాడిన మనిషి మా అమ్మమ్మకి అక్క. నాకు పెద్దమ్మమ్మ.

1938లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఆవిడ మద్రాసు వెళ్ళి ఒక గ్రామఫోను కంపెనీకి ఈ ఒక్క ప్లేటూ ఇచ్చింది. అటొకటి, ఇటొకటి, రెండు పాటలు. మరుసటి ఏడు కాపురానికి వెళ్ళింది. ఆ ఇంట్లో పాటంటే గిట్టదు. ఇంకో ప్లేటు రాలేదు. 1952లో ఆవిడ పోయింది. పిల్లల్లేరు. ఉన్న ఒక్క ఫొటోలోనూ తల దించుకునే ఉంటుంది.

కాబట్టి ఆవిడ ఎలాంటి మనిషో మాకు చెప్పగలిగింది ఆ ప్లేటొక్కటే. ఆ ప్లేటు ప్రకారం మా పెద్దమ్మమ్మది పిట్ట గొంతు. సన్నగా, కీచుగా, ఎవరో తరుముకొస్తున్నట్టు పరుగులు తీసే గొంతు. నా చిన్నతనంలో దసరా బొమ్మల కొలువు నాడు తాతయ్య గ్రామఫోనుకి కీ ఇచ్చి ఆ పాట పెట్టేవాడు. పిల్లలం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. అమ్మమ్మ మాత్రం నవ్వేది కాదు. "అక్క ఇలా పాడేది కాదర్రా" అనేది. ఎవరు వింటారు? ప్లేటు అబద్ధం చెబుతుందా?

చెబుతుందండీ. ఆ సంగతి తెలుసుకోడానికి నాకు నలభై దాటాలి వచ్చింది. తెలిసింది కూడా విజయనగరంలో మా ఇంట్లో కాదు, అరకు దారిలో టైడా అనే చిన్న కొండ ఊళ్ళో.

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైలెక్కితే, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం దాటాక వస్తుంది టైడా. బైలదిల్లా గనుల ఇనుపరాయిని విశాఖ రేవుకి దించి జపానుకి పంపడం కోసం 1960లలో కొండల్ని తొలిచి వేసిన లైను ఇది. ఈ దారిలో యాభై ఎనిమిది సొరంగాలున్నాయి. మా పిన్ని అల్లుడు రైల్వేలో పనిచేస్తాడు. ఉద్యోగం టైడాలో, కాపురం స్టేషను పక్క క్వార్టర్లో. మొన్న ఎండాకాలం విజయనగరం ఉడికిపోతుంటే, ఎనభై తొమ్మిదేళ్ళ అమ్మమ్మని నాలుగు రోజులు చల్లగా ఉంటుందని అక్కడికి తీసుకెళ్ళాం.

మా మరిదిగారికి పాత యంత్రాలంటే ప్రాణం. మావయ్య అటక మీద పడేసిన కరెంటు రికార్డు ప్లేయరుని, 1970లలో కొన్నదాన్ని, అతను అడిగి తెచ్చుకుని బాగుచేసి పెట్టుకున్నాడు. "అమ్మమ్మగారూ, ఆ ప్లేటు కూడా తెండి, ఒక్కసారి విందాం" అని ఫోన్లో ఎంత బతిమాలాడో! అమ్మమ్మ ఎప్పుడూ ఆ ప్లేటుని గడప దాటనిచ్చేది కాదు. లక్కతో చేసినది, కిందపడితే అప్పడంలా విరిగిపోతుంది. ఈసారి ఏమనుకుందో ఏమో, చీరల మధ్య పెట్టుకుని తనే ఒళ్ళో మోసుకొచ్చింది.

లక్క అన్నాను కదా. వినైలు రాకముందు ప్లేట్లు చాలా మటుకు దానితో చేసినవే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే బంకని కరిగించి, దాంట్లో రాతిపొడి, మసి, దూది నూగు కలిపి అచ్చు వేసేవారు. ప్రపంచానికంతటికీ ఆ లక్క చాలా మటుకు మన దేశపు అడవుల నుంచే, ముఖ్యంగా ఛోటానాగపూర్ వైపు నుంచి వెళ్ళేది. అడవిలో గిరిజన స్త్రీ కొమ్మ మీంచి గీసి తీసిన బంక, లండన్‌లో దొరసాని పాటై తిరిగిందన్న మాట! మన ఏటికొప్పాక బొమ్మలు చూడండి. అంకుడు కర్రని తిప్పుతూ, తిరిగే కర్రకి లక్క ఆన్చి రంగు పట్టిస్తారు. లక్కా తిరుగుడూ కలిస్తే అక్కడ బొమ్మ, ఇక్కడ పాట.

ఇక ఆ సాయంత్రం సంగతికి వస్తాను. మరిదిగారు ముల్లుని '78' అని రాసి ఉన్న వైపుకి తిప్పాడు. పాత ప్లేట్ల గాడి వెడల్పు, ఎల్పీల గాడి సన్నం, రెంటికీ ఒకే ముల్లు పనికిరాదు. అమ్మమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. పాట మొదలైంది.

మగగొంతు!

మా చెల్లి కూతురు కిసుక్కున నవ్వింది. నలభై ఏళ్ళ కిందట మేం నవ్వినట్టే. పాట నిద్రమత్తులో నడుస్తున్నట్టు సాగుతోంది. హార్మోనియం దగ్గుతున్నట్టుంది. పిట్ట గొంతు పెద్దమ్మమ్మ ఇక్కడ బండగొంతు మావయ్యలా పాడుతోంది. అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇదీ అక్క కాదు" అంది.

"వేగం తప్పుగా ఉంది వదినగారూ, చూస్తాను" అని మరిదిగారు స్క్రూడ్రైవరు అందుకున్నాడు. అతను విప్పుతున్నంతసేపూ నేను ఆలోచనలో పడ్డాను. అసలు ప్లేటు ఎంత వేగంగా తిరగాలి? డెబ్బై ఎనిమిది అంటారు, ఆ లెక్క ఎవరు పెట్టారు? ఇంటికొచ్చాక ఆ పనిమీదే పుస్తకాలు తిరగేశాను. తెలిసిన సంగతులు చెబుతాను వినండి, మీ అటక మీద కూడా ఎవరి పాటైనా ఉండవచ్చు.

మాటని పట్టి దాచే యంత్రం మొదట చేసినవాడు ఎడిసన్, 1877లో. ఆయనది గొట్టం. చదునైన పళ్ళెం మీద గీత గీసి పాడించినవాడు ఎమిల్ బెర్లినర్, 1887లో. మొదట్లో బెర్లినర్ యంత్రాన్ని చేత్తోనే తిప్పాలి. తిప్పే చెయ్యి అలిసిపోతే పాటా అలిసిపోయేది. 1896లో ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ అనే ఆయన గడియారంలోలాగా స్ప్రింగు మోటారు పెట్టాక గ్రామఫోను ఇళ్ళలోకి వచ్చింది. ఆ స్ప్రింగు విప్పుకుంటూ ఉంటే మొదట జోరుగా, చివర నీరసంగా తిరగకుండా దానికో కళ్ళెం ఉంటుంది. గవర్నరు అంటారు. మూడు చిన్న గుళ్ళు సన్నటి రేకులకి బిగించి ఉంటాయి. వేగం ఎక్కువైతే గుళ్ళు విచ్చుకుంటాయి, వాటితో కదిలే చక్రం ఓ తోలు ముక్కకి ఒరుసుకుని వేగం తగ్గుతుంది. గిరగిరా తిరిగే పిల్ల పరికిణీ విచ్చుకున్నట్టే. ఆ తోలుముక్కని దగ్గరికీ దూరానికీ జరిపేదే పళ్ళెం పక్కనుండే చిన్న మీట. దాని కింద 70, 80, 90 అని అంకెలుండేవి.

ఆ మీట ఎందుకు పెట్టారు? వేగం ఒక్కటే అయితే మీట అక్కర్లేదు కదా! అసలు రహస్యం అక్కడే ఉంది. తొలి పాతికేళ్ళలో ప్లేట్లన్నీ ఒకే వేగంతో తీసినవి కావు. బెర్లినర్ తొలి ప్లేట్లు నిమిషానికి 60, 70 చుట్లు. ఎడిసన్ చేసిన పళ్ళేలు 80. ఇంగ్లండులో కొలంబియా వాళ్ళు 1920లలోనూ 80 అనే చెప్పేవారు. ఇంకొందరివి అంతకన్నా జోరు. పాట ఎక్కించే యంత్రాన్ని బావిలో చేద దిగినట్టు, బరువు మెల్లగా దిగుతూ ఉంటే ఆ బలంతో తిప్పేవారు. కరెంటు లేదు, కొలిచే సాధనాలూ అంతంతమాత్రం. ఆ రోజు ఎలా తిరిగితే అలా ఎక్కింది పాట.

మన దేశానికి ఆ యంత్రం 1902లో వచ్చింది. గ్రామఫోను కంపెనీ పంపగా ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో దిగి, నవంబరులో గౌహర్‌జాన్ చేత పాడించాడు. పాట చివర ఆవిడ ఇంగ్లీషులో "నా పేరు గౌహర్‌జాన్" అని గట్టిగా చెప్పేది. గర్వం అనుకోకండి. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో హనోవర్లో. అక్కడివాళ్ళకి ఇది ఎవరి పాటో తెలియాలిగా! కలకత్తాలోనే అచ్చు వేయడం 1908లో సియాల్దా ఫ్యాక్టరీతో మొదలైంది.

ఆ తొలినాళ్ళలో గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇంకోటుంది. గొప్ప గొప్ప విద్వాంసులు ఈ పెట్టెలోకి పాడితే గొంతు పోతుందనో, పరువు పోతుందనో జంకుతున్న కాలంలో, ముందుకొచ్చి పాడినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. వాళ్ళు కూడా సంసార స్త్రీలు కారు, ఆటపాటలే వృత్తిగా బతికినవాళ్ళు. ముద్దుపళని 'రాధికా సాంత్వనం'ని 1910లో మళ్ళీ అచ్చు వేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ, తిరువయ్యారులో త్యాగరాజస్వామికి గుడి కట్టించిన ఆ నాగరత్నమ్మే, గ్రామఫోనుకి పాడినవాళ్ళలో ఒకరు. తర్వాత ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పదేళ్ళ వయసులోనే పాడింది. మన రావు బాలసరస్వతీదేవి మరీ ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే పాడింది. సాలూరు పక్క శివరామపురం కుర్రాడు రాజేశ్వరరావు కూడా చిన్నప్పుడే. పెద్దయ్యాక ఆ ఇద్దరూ కలిసి పాడిన లలితగీతాల ప్లేట్లు ఎన్ని ఇళ్ళలో అరిగిపోయాయో!

ఇప్పుడు ఆలోచించండి. ముప్పై ఏళ్ళ స్త్రీ 72 చుట్లలో పాడిన పాటని 78లో పెడితే ఏమవుతుంది? వేగం వందకి ఆరు పెరిగితే హార్మోనియం మీద ఒక మెట్టు పైకెక్కుతుంది. 72ని 78 చేస్తే మెట్టు దాటిపోతుంది. పెద్ద మనిషి గొంతు చిన్నపిల్ల గొంతవుతుంది. అదే తిరగేస్తే, పదేళ్ళ పిల్ల పెద్దముత్తయిదువ అవుతుంది. పాత తరం గాయనులందరివీ కీచుగొంతులని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ రోజుల్లో మైకులు లేవు, పెద్ద గొట్టంలోకి అరిచినట్టు పాడాలి, నిజమే. కానీ ఆ కీచుదనంలో వాళ్ళ గొంతు వాటా ఎంతో, మన మీట వాటా ఎంతో ఎవరు తేల్చారు?

1925లో మైకు, కరెంటు రికార్డింగు వచ్చాక అందరూ మెల్లగా 78కి వచ్చారు. అదైనా ఖచ్చితంగా 78 కాదు. కరెంటు అమెరికాలో సెకనుకి అరవైసార్లు ఊగుతుంది, మన దగ్గరా ఇంగ్లండులోనూ యాభైసార్లు. ఆ ఊపుని బట్టి మోటారు తిరుగుతుంది కాబట్టి అక్కడ 78.26, ఇక్కడ 77.92. ఇంత చిన్న తేడా మన చెవికి అందదు లెండి. 1948లో కొలంబియా వాళ్ళ ఎల్పీ వచ్చింది, ముప్పైమూడూ మూడోవంతు. మరుసటేడు ఆర్‌సీఏ వాళ్ళ నలభై అయిదు. మనదేశంలో మటుకు 78లు 1960లలో కూడా వచ్చాయి. ఆ జుట్టు పెంచిన బీటిల్స్ కుర్రాళ్ళ పాటలు సైతం ఇక్కడ 78 ప్లేట్లుగా అచ్చయ్యాయంటే నమ్ముతారా?

సరే, మా పెద్దమ్మమ్మది 1938 ప్లేటు. అప్పటికి 78 ఖాయమైపోయింది. అంటే ఆ వేగం పట్టుకుంటే ఆవిడ దొరుకుతుంది. ఎలా పట్టుకోవడం?

మొదటి పద్ధతి మా తాతల నాటిది. ప్లేటు అంచు కింద చిన్న కాగితం ముక్క చెక్కి, గడియారం ముందు పెట్టుకుని, ఆ కాగితం నిమిషంలో ఎన్నిసార్లు ఎదురుగా వచ్చిందో లెక్కపెట్టడం. చెల్లి గడియారం చూసింది, నేను లెక్కపెట్టాను. డెబ్బై రెండు! అందుకే మగగొంతు.

మరిదిగారు పళ్ళెం పైకెత్తాడు. కింద మోటారు ఇరుసు మెట్లు మెట్లుగా ఉంటుంది, ఒక్కో వేగానికి ఒక్కో మెట్టు. దానికీ పళ్ళేనికీ మధ్య ఓ రబ్బరు చక్రం. ఆ రబ్బరు ఏళ్ళ తరబడి గట్టిపడి, గాజులా నునుపెక్కి జారిపోతోంది. ఇరుసు గుంటలో పాత గ్రీజు జీడిపాకంలా బిగిసింది. గ్రీజుని కిరసనాయిల్‌తో కడిగి, రబ్బరు అంచుని మెత్తటి ఉప్పుకాగితంతో రెండు చుట్లు రుద్ది, స్పిరిటుతో తుడిచి, ఇరుసులో కుట్టుమిషను నూనె ఒకే ఒక్క చుక్క వేశాడు. "ఎక్కువైతే రబ్బరుకి అంటుకుని మళ్ళీ జారుతుంది వదినగారూ, తిరగమోతలో ఇంగువలాగా వెయ్యాలి" అన్నాడు. మళ్ళీ లెక్కపెట్టాం. డెబ్బై ఏడు, కొంచెం పైన.

రెండో పద్ధతి ఇంకా సొగసైంది. ఒక గుండ్రటి అట్ట మీద చుట్టూ డెబ్బై ఏడు నల్లగీతలు గీసి పళ్ళెం మీద పెడతారు. ట్యూబులైటు మనకి వెలుగుతూనే ఉన్నట్టు కనిపిస్తుంది గాని, యాభై ఊపుల కరెంటులో సెకనుకి వందసార్లు మినుకుమంటుంది. ఒక మినుకుకీ ఇంకో మినుకుకీ మధ్య ఒక గీత సరిగ్గా పక్క గీత చోటుకి వస్తే, గీతలన్నీ కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. వేగం తగ్గితే వెనక్కి జారతాయి, పెరిగితే ముందుకి పాకుతాయి. మరిదిగారు ఆ అట్ట కంప్యూటర్లో గీసి ఉంచుకున్నాడు. పెట్టి చూస్తే ఏముంది, అంతా బూడిదరంగు మసక! ముందుగదిలో ఉన్నది కొత్తరకం ఎల్‌ఈడీ బల్బు. దానికి ఆ మినుకు లేదు. పాత చోకు ట్యూబులైటు వంటింట్లో ఒక్కటే మిగిలింది. ఇంకేం, ప్లేయరుని మోసుకెళ్ళి గ్యాసు పొయ్యి పక్క గట్టు మీద పెట్టాం. అమ్మమ్మకి పీట వేశాం.

గీతలు మెల్లగా వెనక్కి జారుతున్నాయి. "మోటారు వేడెక్కనివ్వండి" అన్నాడు మరిదిగారు. అరగంట ఊరికే తిప్పాడు. పక్క క్వార్టర్లో ఉండే గ్యాంగ్‌మన్ భార్య అప్పుడే మజ్జిగకి తోడు అడగడానికొచ్చి నిలబడిపోయింది. అరకు వైపు గిరిజనుల అమ్మాయి. ఏం చేస్తున్నామో చెబితే నవ్వింది. థింసాలో ఒకరి వీపు మీద ఒకరు చేతులు వేసుకుని గుండ్రంగా తిరుగుతారు కదా, వాళ్ళకి వేగం చెప్పేది తుడుము. "తుడుమోడు తొందరపడితే మేమూరుకోంకదమ్మా, తిడతాం. ఇక్కడ తిట్టేవోళ్ళు లేరు" అంది. నిజమే! పాడే మనిషి ఎదురుగా ఉంటే తను తిడుతుంది. ప్లేటులో ఉన్న మనిషి తిట్టలేదు కదా.

గీతలు నిలబడ్డాయి.

ఇక్కడ కరెంటు గురించి ఒక మాట చెప్పాలి. ఈ కొండల అవతలే, ఒరిస్సా సరిహద్దు మీద, డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం ఉంది. 1955లో ఆంధ్ర, ఒరిస్సాలు కలిసి మొదలుపెట్టింది. నీరు చక్రాన్ని తిప్పితే, ఆ చక్రం సెకనుకి యాభై ఊపుల కరెంటు పుట్టిస్తే, ఆ ఊపుకి మన వంటింట్లో పళ్ళెం తిరుగుతుంది. అంటే కొండ మీద పెద్ద చక్రం ఎలా తిరిగితే ఇంట్లో చిన్న చక్రం అలా తిరుగుతుందన్న మాట.

వాడకం ఎక్కువై, పుట్టే కరెంటు చాలకపోతే ఆ పెద్ద చక్రాలన్నీ కలిసి మందగిస్తాయి. 1990లలో దక్షిణాది కరెంటు యాభైకి బదులు నలభై ఎనిమిది దాకా దిగడం మామూలుగా ఉండేది. అప్పుడు ముప్పైమూడూ మూడోవంతు తిరగాల్సిన ఎల్పీ ముప్పైరెండే తిరిగేది. నాకు బాగా గుర్తు, మావయ్యగారింట్లో సాయంత్రం పూట ఘంటసాల భగవద్గీత పెడితే ఆ గంభీరమైన గొంతు ఇంకా దిగిపోయి, కృష్ణుడికి జలుబు చేసినట్టుండేది. తెల్లవారుఝామున అదే ప్లేటు చక్కగా పాడేది. ఇరవై రెండు నిమిషాల పక్క సాయంత్రం ఇంకో యాభై అయిదు సెకన్లు ఎక్కువ తీసుకునేది. తమాషా ఏమిటంటే, అప్పుడు గీతల అట్ట పెట్టినా గీతలు కదలకుండా నిలబడే ఉండేవి! పళ్ళేన్ని మందగింపజేసిన కరెంటే దీపాన్నీ మందగింపజేసింది మరి. దొంగా సాక్షీ ఒకే ఇంటివాళ్ళయితే తీర్పెలా ఉంటుంది? 2003లో దక్షిణాదిలో కొత్త కరెంటు ధరల పద్ధతి వచ్చి, తక్కువున్నప్పుడు ఎక్కువ వాడుకునేవాళ్ళ మీద భారం పడ్డాక ఈ తిప్పలు తగ్గాయి. 2013 డిసెంబరు 31న మన గ్రిడ్డు దేశం మొత్తంతో కలిసింది. ఇప్పుడు యాభైకి అటూ ఇటూ రవ్వంత.

అయినా ఒక్క సాక్ష్యం చాలదని మరిదిగారికి ఉంది. చెల్లి కూతురు తన ఫోను తిరిగే పళ్ళెం మధ్యలో పెట్టింది. ఫోను ఎటు తిరుగుతోందో దానికే తెలుస్తుందట. డెబ్బై ఏడు పాయింటు ఎనిమిది అని చూపించింది. గడియారం, గీతలు, ఫోను, మూడూ ఒకే మాట మీదున్నాయి. నాలుగో సాక్షి పీట మీద కూర్చుని ఉంది.

ఇంత పట్టుదల ఎందుకని మీరడగవచ్చు. పాప ఆ పాటని ఫోన్లోకి ఎక్కించుకుంటానంది. అమ్మమ్మ ఒప్పుకున్నది కూడా అందుకే. గ్రామఫోనుకి మీట ఉంది, తప్పైతే దిద్దుకోవచ్చు. ఒక్కసారి తప్పు వేగంతో నకలు తీశామా, ఆ నకలుకి మీట ఎక్కడిది? దాని నకలు దానికి నకలు, అందరి ఫోన్లలోకీ ఆ తప్పే వెళుతుంది. అసలు ప్లేటు ఏదో ఓ రోజు పగిలిపోతుంది. అక్కడితో తప్పే నిజమై కూర్చుంటుంది. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారి వంటివాళ్ళు వేలకొద్దీ ప్లేట్లు చేర్చి కాపాడారంటే ఎంత గొప్ప పనో ఇప్పుడు తెలుస్తుంది నాకు. కాగితం మీద అక్షరాన్ని కాపాడ్డం ఒక ఎత్తు, తిరిగితే గాని పలకనిదాన్ని కాపాడ్డం ఒక ఎత్తు.

మరిదిగారు ముల్లు దించాడు.

కొంచెం గరగర. తర్వాత హార్మోనియం, ఈసారి దగ్గులేదు. తర్వాత గొంతు.

పిట్ట గొంతు కాదు. మగగొంతూ కాదు. నిండుగా, కాస్త బరువుగా, తొందరేమీ లేని ఆడమనిషి గొంతు. పద్దెనిమిదేళ్ళ పిల్లకి అంత నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందో! చరణం మధ్యలో ఓ చోట ఆగి ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి వినిపించింది. తాతయ్య గ్రామఫోనులో ఆ చోటే ఉండేది కాదు, పరుగులో కలిసిపోయేది.

ఎవరం మాట్లాడలేదు. పాట అయిపోయాక కూడా ముల్లు గాడిలో తిరుగుతూనే ఉంది. అమ్మమ్మ చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

"వంటింట్లో పాడుకునేటప్పుడు ఇలాగే ఉండేదర్రా" అంది. "నేను పక్కన పీటమీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేదాన్ని. మీరెవరూ నమ్మలేదు నన్ను."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యే ఇప్పుడూ నోటి దగ్గరికి వెళ్ళింది.

విజయనగరం తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని అటకెక్కడం. తాతయ్య గ్రామఫోను, స్ప్రింగు తెగి, దుమ్ము కొట్టుకుపోయి అక్కడే ఉంది. పళ్ళెం పక్కన వేగం మీట. తుప్పు పట్టి కదలడం లేదు. ముల్లు 86 మీదుంది. తాతయ్యకి ఏదైనా హుషారుగా ఉండాలి, భోజనమైనా పాటైనా. చెడ్డమనిషి కాదు. వదినగారి పాట పండగనాడు పదిమందీ వినాలని పెట్టేవాడే. మీట అక్కడ ఉందన్న సంగతే ఎవరం పట్టించుకోలేదు, అంతే.

ఆ అంకె నిజమనుకుంటే లెక్క చాలా సులువు. టైడాలో ఆ పాట మూడు నిమిషాల పదిహేను సెకన్లు పాడింది. 86 చుట్లలో అదే పాట రెండు నిమిషాల యాభై ఏడు సెకన్లకే అయిపోతుంది. పద్దెనిమిది సెకన్లు తేడా. గొంతు హార్మోనియం మీద ఒకటిన్నర మెట్టుకి పైనే ఎగిరిపోతుంది.

పెద్దమ్మమ్మని మాట్లాడనివ్వనివాళ్ళు ఒకరు, పాడనివ్వనివాళ్ళు ఒకరు. మిగిలిన మూడుంబావు నిమిషాల్లోంచి కూడా పద్దెనిమిది సెకన్లు మేం ప్రేమగానే కోసేశాం.

ఇప్పుడు ఆ పాట పాప ఫోన్లో ఉంది, నా ఫోన్లో ఉంది. అమ్మమ్మ ప్లేటుని మళ్ళీ చీర చెంగులో చుట్టి ట్రంకులో పెట్టేసింది. చుట్టేముందు దాంతోపాటు ఓ కాగితం పెట్టమని నాకిచ్చింది. పెన్సిలుతో తనే రాసింది, అక్షరాలు వణుకుతున్నాయి:

"78లో పెట్టండి. తొందరపడకండి."